కావాలని పాతగా, చౌకగా తీసిన హారర్ కామెడీని ఎలా చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. భీమవరంలో స్నేహితుల గదిలో ఒక ఇంగ్లీషు హారర్ కామెడీ చూశారు. నలుపు తెలుపు బొమ్మ. రబ్బరు తొడుగులో రాక్షసుడు, వీపు మీద జిప్పు కనిపిస్తూనే ఉంది. దారానికి వేలాడే పళ్ళెం లాంటి అంతరిక్ష నౌక, లోకం అంతమైపోతుందని ఉపన్యాసం ఇచ్చే శాస్త్రవేత్త. 1950ల నాటి చౌక సినిమాలకు ఇది నివాళి అని మొదట్లోనే కార్డు పడింది. మిగతావాళ్ళంతా పడీపడీ నవ్వారు. మీకు భయమూ వేయలేదు, నవ్వూ రాలేదు. చేతనైనవాళ్ళు చేతకానట్టు ఎందుకు తీశారు, దీన్ని ఎలా ఆస్వాదించాలి, మా నాన్నగారికి చూపించవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. వెక్కిరించడానికి కూర్చోకండి. ఆ రాక్షసుడు నిజమేనని కాసేపు ఒప్పుకోండి, ఒప్పుకుంటూనే వాడిని తయారుచేసిన చేతులను గమనించండి. ఈ రెండూ కలిసిన చోటే ఆనందం ఉంది. ఇంకొక మాట: నివాళి చూసేముందు, అది ఎవరికి నివాళో ఆ పాత సినిమాల్లో ఒక్కటైనా చూసి ఉండాలి. మీ స్నేహితులు చూసి ఉంటారు, మీరు చూసి ఉండరు. తేడా అక్కడే వచ్చిందని నా అనుమానం. మీలో లోపమేమీ లేదు.

నేను రాజోలు, పాలకొల్లు వైపు సినిమా హాళ్ళలో చాలా ఏళ్ళు ఆపరేటర్‌గా పనిచేశాను. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చాక ఆ పని మానేశాను. ఇప్పుడు మా ఊళ్ళో ఆదివారాలు పిల్లలనూ పెద్దలనూ కూర్చోబెట్టి పాత సినిమాలు వేస్తుంటాను. ఈ తరహా సినిమాలంటే నాకు ప్రాణం. కాబట్టి కాస్త పొడవుగానే రాస్తాను.

ఈ సినిమాలు అంత చౌకగా ఎందుకు ఉండేవో తెలిస్తే సగం ముడి విడిపోతుంది. 1930లలో మాంద్యం దెబ్బకు అమెరికాలో హాళ్ళు ఖాళీ అవుతుంటే, ఒకే టిక్కెట్టు మీద రెండు సినిమాలు వేయడం మొదలుపెట్టారు. పెద్ద తారలున్న మొదటి సినిమాకు వసూళ్ళలో వాటా వచ్చేది. రెండోదానికి, అంటే బి సినిమాకు, ఇంతని ఖాయం చేసిన అద్దె మాత్రమే. హాలు నిండినా ఆ నిర్మాతకు అదనంగా పైసా రాదు. అందుకని ఖర్చును ముందే బిగించేవారు. నిడివి గంటా పది నిమిషాలు, షూటింగు వారమో పది రోజులో, సెట్లు వేరే సినిమా వాళ్ళు వదిలేసినవి. మోనోగ్రామ్, రిపబ్లిక్ లాంటి చిన్న స్టూడియోలు ఇలాంటి సినిమాల మీదే బతికాయి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో పెద్ద స్టూడియోలు తమ హాళ్ళను వదులుకోవలసి వచ్చింది, ఆ వెనకే ఇళ్ళల్లోకి టీవీ వచ్చింది, పాత లెక్కలు తారుమారయ్యాయి. ఆ తరువాత ఈ చౌక సినిమాలను నిలబెట్టింది కార్లలో కూర్చుని చూసే డ్రైవ్ ఇన్ హాళ్ళు, వాటికి వచ్చే కుర్రకారు. అణుబాంబు భయం కథల్లోకి దిగి కొండంత చీమలూ సాలీళ్ళూ పుట్టాయి.

మీకు నాసిగా కనిపించినదంతా ఆ బిగింపు లోంచి వచ్చిందే. రోజర్ కోర్మన్ అనే దర్శకుడు 1960లో 'ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' అని, మనుషులను తినే మొక్క కథ తీశాడు. అప్పటికే వేసి ఉన్న సెట్లో, ప్రధానమైన షూటింగంతా రెండు పగళ్ళు, ఒక రాత్రిలో ముగించాడు. ఆ మొక్క నోరు తెరిచి ఆకలి అని అరిచినప్పుడు అది బొమ్మని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. అయినా దాని ఆకలి మనకు అంటుకుంటుంది. ఆ సినిమా నటులు ఒక్క క్షణమైనా "ఇది బొమ్మ కదా" అన్న చూపు చూడరు. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం అది.

ఎడ్ వుడ్ అనే దర్శకుడి సంగతి ఇంకా గొప్పది. డ్రాక్యులాగా పేరు పొందిన బేలా లుగోసీ 1956లో చనిపోయాడు. అతనితో తీసిన కాస్త ఫిల్ము మాత్రం వుడ్ దగ్గర మిగిలింది. దాన్ని 'ప్లాన్ నైన్ ఫ్రమ్ అవుటర్ స్పేస్' సినిమాలో వాడుకుని, మిగతా సన్నివేశాలకు తన భార్యకు వెన్నునొప్పి వైద్యం చేసే మనిషిని తెచ్చి, ముఖానికి నల్ల దుప్పటి అడ్డం పెట్టించి నడిపించాడు. ఆ మనిషికి లుగోసీ పోలికలు లేవు, పొడుగు కూడా ఎక్కువ. చూస్తే నవ్వు వస్తుంది, రావలసిందే. కానీ చచ్చిపోయిన నటుడికి ఇంకొక్క సినిమా దక్కాలని ఒక దర్శకుడు పడిన తపన కూడా ఆ దుప్పటి వెనక ఉంది. నవ్వుతూనే ఆ తపనను గుర్తించగలిగినవాళ్ళకు ఈ సినిమాలు పూర్తిగా దక్కుతాయి.

ఇక నివాళి సినిమాకు వద్దాం. మంచి నివాళికీ వెటకారానికీ తేడా నటుల ముఖాల్లో తెలుస్తుంది. మంచి నివాళిలో నటులు నవ్వరు. మనల్ని చూసి కన్ను గీటరు. 1974లో మెల్ బ్రూక్స్ తీసిన 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్' నా లెక్కలో దీనికి కొలమానం. శవాల ముక్కలు అతికించి రాక్షసుడికి ప్రాణం పోసే డాక్టరు పాత కథకు నివాళి అది. నలుపు తెలుపులోనే తీస్తానని పట్టుబట్టినందుకు మొదటి స్టూడియో తప్పుకుంటే, ఆయన ఇంకొక స్టూడియో దగ్గరికి వెళ్ళాడు. నిప్పురవ్వలు చిమ్ముతూ తిరిగే ప్రయోగశాల యంత్రాలు 1931 నాటి అసలు 'ఫ్రాంకెన్‌స్టైన్'లో వాడినవే. వాటిని తయారుచేసిన కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ అన్నేళ్ళూ దాచి ఉంచితే, ఆయన దగ్గరి నుంచే తెచ్చారు. వెక్కిరించాలనుకునేవాడు అంత దూరం వెళ్ళడు. జీన్ వైల్డర్ ఆ డాక్టరు పాత్రను చావుబతుకుల వ్యవహారంలాగే నటించాడు.

అందులో చెక్క చేయి ఉన్న పోలీసు అధికారి ఒకడు వస్తాడు. ఊరికే చూస్తే ఒక వింత మనిషి. 1939 నాటి 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' చూసి ఉంటే, అక్కడ చిన్నప్పుడే రాక్షసుడి చేతిలో చేయి పోగొట్టుకున్న అధికారి గుర్తొస్తాడు. గుడ్డి సన్యాసి రాక్షసుడికి ఆతిథ్యం ఇచ్చే సన్నివేశానికి మూలం 1935 నాటి 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'లో ఉంది. అక్కడ అది కన్నీళ్ళు తెప్పిస్తుంది. ఇక్కడ అదే సన్నివేశంలో వేడి వేడి సూపు రాక్షసుడి ఒళ్ళో పడుతుంది. రెండూ చూసినవాడికి నవ్వులో ఆ పాత కన్నీరు కూడా కలుస్తుంది. మా ఆదివారం జనానికి నేను ఎప్పుడూ మూలం ముందు, నివాళి తరువాత వేస్తాను. వరస తిరగేసిన రోజున హాలు చప్పబడిపోవడం చూశాను.

చేతిపనిని గమనించండి అన్నాను కదా, ఆపరేటర్‌గా నాకు తెలిసిన ఒక గుర్తు చెబుతాను. పాత ప్రింటులా కనిపించాలని ఇలాంటి సినిమాల్లో బొమ్మ మీద గీతలు, మచ్చలు కావాలని కలుపుతారు. అసలు ప్రింటు మీద గీతలు ఎక్కడ పడతాయో తెలుసా? రీలు మొదట్లోనూ చివరలోనూ. మిషనులోకి ఎక్కించేటప్పుడు, చుట్టేటప్పుడు చేతులూ దుమ్మూ తగిలేది అక్కడే. రెండు వేల అడుగుల రీలు సుమారు ఇరవై రెండు నిమిషాలు నడుస్తుంది. అంటే ఇరవై రెండు నిమిషాలకొకసారి బొమ్మ పాడవుతూ వచ్చి, కుడివైపు పైమూలన ఒక చుక్క మెరిసి, మళ్ళీ ఇంకొకసారి మెరిసి, రెండో మిషను అందుకోవాలి. ఆ చుక్క ఆపరేటర్‌కు సైగ. కలర్ ప్రింటులో రసాయనం పూసిన వైపు గీత పడితే ఆకుపచ్చగా కనిపిస్తుంది, వెనక వైపు పడితే నల్లగా. కొన్నేళ్ళు పోతే నీలి రంగు ముందు చచ్చిపోయి బొమ్మంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. సినిమా పంపిణీదారుల ఆఫీసులుండే విజయవాడ గాంధీనగర్ నుంచి బయలుదేరిన ఫిల్ము పెట్టె ఎన్నో ఊళ్ళు తిరిగి, నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగేసరికి ఆ ప్రింటు ఒళ్ళంతా గాట్లే. మా చేతికి వచ్చేవి చాలావరకు అలాంటివే.

కాబట్టి నివాళి సినిమాలో గీతలు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున చల్లినట్టుంటే, ఆ పని కంప్యూటర్ మీద మొక్కుబడిగా చేశారని నాకు అర్థమైపోతుంది. రీలు చివర్లలో గీతలు ముసురుకుని, ఒకచోట ఫిల్ము తెగితే అతికించినట్టు మాట సగంలో ఎగిరిపోయిందంటే, తీసినవాడు ఎక్కడో ఒక పాత హాలులో కూర్చుని ప్రేమగా చూసినవాడే. మీరు చూసిన సినిమాను ఈసారి ఈ కన్నుతో చూడండి. ఇంకొకటి: రాత్రి అని చెప్పిన సన్నివేశంలో నేల మీద మనుషుల నీడలు పదునుగా పడ్డాయా? పట్టపగలు లెన్సుకు వెలుతురు తగ్గించి తీసి రాత్రి అని చూపించడం ఆ రోజుల్లో మామూలు. లైట్ల ఖర్చు తప్పేది. నివాళి తీసేవాళ్ళు ఆ నీడలను కూడా తెచ్చిపెట్టుకుంటారు.

దారం సంగతి మా పిల్లల దగ్గర తేలింది. ఎగిరే పళ్ళెం దారం కనిపిస్తోందని ఒక ఆదివారం పగలబడి నవ్వారు. సరే, మీరు కనిపించకుండా తీయండి చూద్దాం అన్నాను. రెండు ఇడ్లీ రేకులు బోర్లించి అతికించి, వల అల్లే నైలాన్ దారానికి కట్టి ఫోనుతో తీశారు. దారం తళతళా మెరిసింది. లైటు పక్కకు జరిపారు, మెరుపు తగ్గింది. దారానికి మసి పూశారు, ఇంకాస్త తగ్గింది. వెనక తెల్ల గోడ బదులు కొబ్బరాకుల తడిక పెట్టారు, ఆ గీతల్లో దారం కలిసిపోయింది. ఇప్పుడు రేకు ఊగిసలాట మొదలైంది, దాన్ని ఆపడానికి రెండో దారం కట్టవలసి వచ్చింది. సాయంత్రానికి నిమిషం బొమ్మ కూడా రాలేదు. మరుసటి ఆదివారం అదే పాత సినిమా మళ్ళీ వేయమన్నారు. ఈసారి దారం కనిపించిన చోట నవ్వు రాలేదు, "అక్కడ లైటు ఎదురుగా ఉంది" అన్న మాట వినిపించింది. పళ్ళెం నిలకడగా ఎగిరిన చోట చప్పట్లు పడ్డాయి.

మీకు భయం, నవ్వు రెండూ ఒకచోట ఇమడవనిపించి ఉండవచ్చు. మన ప్రాంతానికి అది కొత్త కాదు. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరు. ఆ ఆటలో రామాయణం ఎంత గంభీరంగా నడుస్తున్నా మధ్యలో కేతిగాడూ బంగారక్కా దూరి అల్లరి చేసి పోతారు. ఆ వెంటనే పది తలల రావణుడు తెర మీదికి వస్తే నవ్విన పిల్లలే తల్లి కొంగు పట్టుకుంటారు. నవ్వుతో ఒళ్ళు వదులైన మనిషికి భయం త్వరగా ఎక్కుతుంది. హారర్ కామెడీ తీసేవాళ్ళు ఆడుకునేది ఈ కీలుతోనే.

ఒంటరిగా, ఫోనులో చూడకండి. ఈ సినిమాలు పుట్టిందే గుంపు కోసం. విలియం కాజిల్ అనే దర్శకుడు 1959లో 'ది టింగ్లర్' విడుదలకు కొన్ని హాళ్ళలో కుర్చీల కింద చిన్న మోటార్లు బిగించాడు. వెన్నెముకను పట్టుకునే పురుగు కథ అది. ఆ పురుగు హాలులోనే తప్పించుకుందని తెర చీకటిగా మారి, ప్రాణాలు దక్కాలంటే అరవండి అని గొంతు వినిపించగానే కింద కుర్చీ వణికేది. ఆ మోటార్ల స్విచ్చు చేతిలో ఉన్న మనిషి ఎంత ఆనందించి ఉంటాడో నేను ఊహించగలను.

అయితే గుంపులో ఒక ప్రమాదం ఉంది. ప్రతి సన్నివేశానికీ ముందే జోకు వేసే ఒక్కడు చాలు, మిగతావాళ్ళు సినిమాను వదిలి వాడిని చూస్తారు. మీ గదిలో అదే జరిగి ఉండవచ్చు. మా దగ్గర ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఇలాగే చేసేవాడు. 1954 నాటి 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' వేసిన రోజు అతని నోరు కట్టింది. అమెజాన్ అడవిలో మొప్పలున్న మనిషి కథ. కథానాయిక నీటి మీద ఈదుతుంటే, ఆ జీవి ఆమెకు తెలియకుండా కింద వెల్లకిలా, ఆమెకు సమాంతరంగా ఈదుతూ వస్తుంది. నీటి అడుగు దృశ్యాల్లో ఆ తొడుగు వేసుకున్న రికూ బ్రౌనింగ్ వీపున గాలి సీసా లేకుండా, టేకు నడిచినంతసేపూ ఊపిరి బిగబట్టి ఈదాడు. గోదావరి రేవుల్లో ఈత నేర్చిన కుర్రాళ్ళకు అది ఎంత కష్టమో ఎవరూ చెప్పనక్కరలేదు. గది నిశ్శబ్దమైపోయింది. చివర్లో ఒక పెద్దావిడ, "దాని చోటికి వీళ్ళు వెళ్ళి, దాన్ని చంపడమేమిటి?" అని గట్టిగానే అడిగారు. జవాబు ఎవరి దగ్గరా లేదు. రబ్బరు రాక్షసుడిని నిజమని ఒప్పుకుంటే దొరికేది ఇదే, నేను మొదట్లో అన్నది దీని గురించే.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి. పాత అన్నదల్లా గొప్పది కాదు. ఆ సినిమాల్లో చాలావాటిలో ఆడవాళ్ళ పని కేకలు వేసి స్పృహ తప్పడం. అడవి జాతుల మనుషులను చూపించిన తీరు కొన్నిచోట్ల అసహ్యంగా ఉంటుంది. మంచి నివాళి ఆ తప్పును పట్టుకుని తిప్పికొడుతుంది, కేకలు వేసే అమ్మాయి చేతికే గొడ్డలి ఇస్తుంది. తిప్పికొట్టకుండా అలాగే ఎత్తి రాసిన నివాళి మీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. డబ్బు, సమయం అన్నీ ఉండి, శ్రద్ధ మాత్రం లేక నాసిగా వచ్చిన సినిమాకు "కావాలనే అలా తీశాం" అని పేరు పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. జిప్పు కనిపించడం తప్పూ కాదు, గొప్పా కాదు. జిప్పు ఉన్న తొడుగులోని మనిషి కష్టపడి నటిస్తున్నాడా లేదా అన్నది చూడాలి.

వీలైతే తెలుగు డబ్బింగులో కాకుండా అసలు మాటలతో, కింద అక్షరాలు పెట్టుకుని చూడండి. ఈ సినిమాల్లో హాస్యమంతా అర్థం లేని మాటను అతి గంభీరంగా పలకడంలో ఉంటుంది. డబ్బింగు చెప్పేవాళ్ళు కామెడీ కదా అని గొంతు మార్చి సాగదీస్తే ఆ గంభీరం పోతుంది, దానితో నవ్వూ పోతుంది. మీరు చూసినది డబ్బింగు అయితే కారణాల్లో ఇదొకటి కావచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు 'లిటిల్ షాప్' చూడండి. గంటాపావులోపు అయిపోతుంది, అమెరికాలో దాని మీద హక్కులు లేవు కాబట్టి తేలికగా దొరుకుతుంది. తరువాత 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్', దాని వెంట బ్రూక్స్ సినిమా. ఆ పైన మీకు నచ్చని ఆ సినిమాకు తిరిగి వెళ్ళండి.

మీ నాన్నగారికి చూపించవచ్చా అన్నారు. తప్పకుండా చూపించండి, ఆయనకు మీకంటే త్వరగా నచ్చవచ్చు. ఆయన వయసువాళ్ళు విఠలాచార్య సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళు. 1978 నాటి 'జగన్మోహిని'లో దెయ్యం తన కాళ్ళను పొయ్యిలో పెట్టి వంట చేసుకుంటుంటే మా హాలులో నేల క్లాసు వాళ్ళు ఈలలు వేసేవారు, కుర్చీ వాళ్ళు పిల్లల కళ్ళు మూసేవారు. అది ట్రిక్కని అందరికీ తెలుసు. ఎలా తీశాడబ్బా అని విరామంలో టీ కొట్టు దగ్గర వాదనలు జరిగేవి. ఆ వాదన రుచి ఎరిగిన మనిషికి దారం కనిపించే అంతరిక్ష నౌకను గురించి వేరే చెప్పవలసిన పని లేదు. ముందు 'జగన్మోహిని' ఆయనతో కలిసి చూడండి, ఆ ట్రిక్కులు ఎలా చేసి ఉంటారో ఆయననే అడగండి, మరుసటి రోజు మీ ఇంగ్లీషు సినిమా పెట్టండి. ఒక్క జాగ్రత్త: ఇప్పటి నివాళి సినిమాల్లో కొన్నిటిలో నెత్తురు, పచ్చి మాటలు పాత సినిమాల్లో కంటే చాలా ఎక్కువ. మీరు ఒకసారి చూసేశారు కాబట్టి అలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు తెచ్చుకుని, ఆయనతో కూర్చుని చూడగలరో లేదో ముందే తేల్చుకోండి.